ఆఖరి మూడు మీటర్లు

విజయవాడ జంక్షన్‌లో కొన్ని రైళ్లకు ఇంజన్‌ను ఒక చివర విప్పి రెండో చివర తగిలిస్తారు. టీ తాగేలోపు అయిపోయే పనే. కానీ ఆఖరి రెండు గజాలూ చూడాలి. అంత పెద్ద ఇంజన్ చీమలా పాకుతూ వస్తుంది. పట్టాల పక్కన నిలబడ్డ మనిషి చెయ్యి ఊపుతుంటాడు: రా, రా, ఆగు! ఠప్‌మని తగలగానే పై బెర్తులో నిద్రపోతున్న వాళ్లకి కూడా చిన్న కుదుపు.

2025 జనవరిలో ఇస్రో ఇదే పని అంతరిక్షంలో చేసింది. స్పేడెక్స్ ప్రయోగంలో ఒక్కోటి సుమారు 220 కిలోలుండే రెండు ఉపగ్రహాలు గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో భూమి చుట్టూ తిరుగుతూనే, ఒకదానివైపు ఒకటి సెంటీమీటర్ల లెక్కన జరిగాయి. జనవరి 12న 3 మీటర్ల దాకా తెచ్చి, మళ్లీ వెనక్కి జరిపారు. ఇంత దగ్గరకొచ్చి వదిలేశారేంటి అని నాకూ అనిపించింది. 16న కలిపారు.

ఈ తగిలింపు ఎందుకంటే, బరువు. చంద్రయాన్-3 మొత్తం సుమారు 3,900 కిలోలు. మన ఎల్‌వీఎం3 రాకెట్ ఒక్కటే మోసింది. చంద్రయాన్-4 మాత్రం చంద్రుడి మీద దిగి, మట్టి తవ్వి, పైకి లేచి ఇంటికి తేవాలి. దాని బరువు 9 టన్నులు దాటుతుంది. అందుకే రెండు విడతల్లో పంపి పైన కలపాలని ప్లాను. ఆ 'పైకి లేవడం' కూడా ఒకసారి చేసి చూశారు: 2023 సెప్టెంబరులో, చంద్రుడి మీద పని ముగించుకున్న చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్‌తో ఒక గెంతు వేయించారు. లేచింది 40 సెంటీమీటర్లే! మోకాలి ఎత్తు కూడా లేదు.

మనుషుల్ని కూడా అంగారకుడి కంటే ముందు చంద్రుడికే పంపాలనడంలో అర్థముంది. మాట అక్కడికి 1.3 సెకన్లలో చేరుతుంది, ఏదైనా తేడా వస్తే మూడు నాలుగు రోజుల్లో ఇంటికి రావచ్చు. అంగారకుడికైతే ఒక్క మాట చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు. పట్టాల పక్క మనిషి 'ఆగు' అన్నది డ్రైవరుకి పావుగంట తర్వాత కనిపిస్తే? అక్కడ యంత్రం తనంతట తనే ఆగాలి. 2021 ఫిబ్రవరిలో నాసా పంపిన పర్సెవరెన్స్ రోవర్ అలాగే దిగింది. 'అంగారక వాతావరణంలోకి దూరింది' అన్న కబురు భూమికి అందేసరికి, అది నేల మీద దిగి నాలుగు నిమిషాలైంది.