తొట్టి నీళ్ళు తేటపడాలంటే

చిన్నోడా, పాపా,

మీ నాయన పంపించిన మీ చేపల తొట్టి ఫోటోలు చూసినా. "తాతా, రోజూ నీళ్ళన్నీ మారుస్తానే ఉన్నాం, ఫిల్టర్ స్పాంజి కూడా కొళాయి కింద పెట్టి మురికంతా పొయ్యేదాకా పిండి కడుగుతాండాం, అయినా తెల్లారేసరికి మళ్ళీ నీళ్ళు తెల్లగా అయిపోతాండాయి, మొక్కల ఆకులేమో కరిగిపోతాండాయి, ఎందుకు?" అని పాప అడిగింది కదా. దానికి జవాబు మీ జేజి వంటింట్లో ఉంది.

రాత్రి జేజి ఏం చేస్తాది? పాలు కాంచి, గోరువెచ్చగా అయినాక నిన్నటి పెరుగు ఒక చెంచా తోడేసి, మూత పెట్టి, దాని జోలికి పోకుండా పడుకుంటాది. పొద్దునకి గడ్డ పెరుగు. అదే మీరు నడిరాత్రి లేచి గిన్నెలో పాలు పారబోసి కొత్త పాలు పోసి, ఆ తోడు చెంచా కూడా తోమి పెట్టినారనుకో, పెరుగు తోడుకుంటాదా? తొట్టి దగ్గర మీరు రోజూ చేస్తాండేది అదే.

చేపలు నీళ్ళలోనే అన్నీ కానిస్తాయి, మిగిలిన మేత కూడా అడుగున కుళ్ళుతాది, దాంట్లోంచి అమ్మోనియా పుడ్తాది, అది చేపలకి విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని తిని నైట్రైట్ చేస్తాయి, అదీ విషమే, ఇంకో రకం వచ్చి దాన్ని నైట్రేట్ చేస్తాయి, అది కొంచెం ఉంటే ఏం గాదు, మొక్కలకి ఎరువు. ఈ బ్యాక్టీరియానే మీ తొట్టికి తోడు, అదంతా స్పాంజిలో, కంకరలో, ఆకుల మీద అంటుకోని ఉంటాది. పెరుగు బ్యాక్టీరియా గబగబా పెరుగుతాయి కాబట్టి రాత్రికి రాత్రే పని అయిపోతాది, ఇవి మాత్రం ఒకటి రెండు అయ్యేదానికే దాదాపు ఒక రోజు తీసుకుంటాయి, అందుకే కొత్త తొట్టి కుదురుకునేదానికి 4 నుంచి 6 వారాలు పడ్తాది. ఎండాకాలం పెరుగు తొందరగా తోడుకోని చలికాలం ఆలస్యం అయినట్టే, ఇవి కూడా వెచ్చగా ఉంటే చురుగ్గా ఉంటాయి. పాలు బిందెడు పెట్టి తోడు చుక్క వేస్తే ఏమయితాది, అట్లే కొత్త తొట్టిలో ఒకేసారి చేపలన్నీ వేస్తే ఆ కాస్త బ్యాక్టీరియాకి చేతగాదు.

ఆ తెల్లదనం కూడా బ్యాక్టీరియానే, కానీ వేరే రకం, మిగిలిన మేత తిని నీళ్ళలో తేలుతా పెరిగేవి. మీరు నీళ్ళు పారబోసిన ప్రతిసారీ వాటికి మళ్ళీ జాగా దొరుకుతాది. మేత తగ్గించి, అంటే రెండు నిమిషాల్లో తినేంత మాత్రమే వేసి, వదిలేస్తే కొన్ని రోజుల్లో, మహా అయితే ఒకటి రెండు వారాల్లో అవే సద్దుమణుగుతాయి. ఇంక స్పాంజి సంగతి. మున్సిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ కలిపేదే క్రిములు చచ్చిపోవాలని, మనకి అది మంచిదే, మరి ఆ కొళాయి కింద స్పాంజి పెడితే మీ తోడు గతి ఏమి? బకెట్లోకి తొట్టి నీళ్ళే తీసి, దాంట్లో రెండుసార్లు పిండితే చాలు, గోధుమ రంగులో ఉన్నా పర్వాలేదప్పా. వారానికి ఒకసారి పావు వంతు నీళ్ళు మార్చండి, పోసే నీళ్ళు ఒక రోజు ముందే బకెట్లో మూత లేకుండా పెట్టండి, క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతాది. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తా ఉంటే మాత్రం వారం దాకా ఆగొద్దు, ఆ రోజే మార్చండి. పాత తొట్టి ఉన్న స్నేహితులెవరైనా ఉంటే వాళ్ళ స్పాంజి మీ తొట్టిలో పిండమనండి, అంతకంటే మంచి తోడు ఏ అంగట్లోనూ దొరకదు.

నీళ్ళు తేటపడేది అంటే నాకు మా అవ్వ గుర్తుకొస్తాది. సుంకేసుల దగ్గర మా ఊర్లో, వానాకాలం తుంగభద్ర పారితే నీళ్ళు ఎర్రగా, గ్లాసు అడుగు కనపడనంత బురదగా వచ్చేవి. అవ్వ చిల్లగింజ తీసుకోని కడవ లోపలి గోడకి గరగరా అరగదీసేది, ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది, గింజ అరిగి తెల్లటి గీత పడేది. మేము కడవ చుట్టూ కూర్చోని తొంగి చూస్తాంటే "కదిలించొద్దు రా" అని అరిచేది. కొంతసేపటికి బురదంతా అడుక్కి పోయి పైన నీళ్ళు అద్దం మాదిరి ఉండేవి. ఆ గింజలోని జిగురు మట్టి రేణువుల్ని ఒకదానికొకటి అంటిస్తాది, బరువెక్కి దిగిపోతాయి. కానీ మీ తొట్టిలో ఉండేది మట్టి కాదు, ప్రాణమున్నది, కాబట్టి అంగట్లో నీళ్ళు తేటచేసే మందు కొని పోసినా పైపైన తేటగా కనపడొచ్చు గానీ, కారణం పోదు కాబట్టి మళ్ళీ వస్తాది. కంటికి కనపడని వాటి పనిని కూడా నమ్మి, చేతులు కట్టుకోని ఉండే ఓపిక నేర్చుకోండి.

రేపొద్దున ఇవే నీళ్ళు పచ్చగా మారితే అది పాచి, వెలుతురు ఎక్కువయిందని. ఫోటోలో తొట్టి కిటికీ పక్కనే ఉంది, మన కర్నూలు ఎండకి పాచి రాకుండా ఎట్లుంటాది? ముందు దాన్ని అక్కడి నుంచి జరపండి, లైటు రోజుకి 6 నుంచి 8 గంటలే. టీ డికాక్షన్ రంగు వస్తే మీరు వేసిన కట్టె నుంచి దిగిందే, చేపలకి ఏం కాదు.

ఆకులు కరిగేది చూసి భయపడి మొక్క పీకొద్దు. క్రిప్టోకొరైన్ అనే నీటిమొక్క చోటు మారితే ఉన్న ఆకులన్నీ కరగబెట్టుకుంటాది, వేరు బాగుంటే కొత్త నీళ్ళకి తగ్గ ఆకులు మళ్ళీ వేస్తాది. జావా ఫెర్న్, అనూబియాస్ మొక్కలయితే మీరు కంకరలో పూడ్చినారు, అది తప్పు, వాటి అడ్డంగా పాకే దుంప పూడితే కుళ్ళుతాది, తీసి దారంతో రాయికి కట్టండి.

ఆ రాయి కూడా చూసుకోండి. ఎండబెట్టి నిమ్మరసం పిండితే బుసబుస పొంగిందంటే సున్నపురాయి, మన బేతంచెర్ల నాపరాయి అట్లాంటిదే. అది మెల్లమెల్లగా కరిగి నీళ్ళలో సున్నం పెంచుతాది, వాటినే గట్టినీళ్ళు అంటారు. బెలూం గుహలు 3,229 మీటర్లు పొడుగు, అదంతా నీళ్ళు సున్నపురాయిని కరిగించుకుంటా చేసుకున్న దారే, తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు జలదరిస్తాది. గప్పీ చేపలకి, పొడుగాకుల వాలిస్నేరియా మొక్కకి గట్టినీళ్ళు ఇష్టమే కాబట్టి మీరు భయపడనక్కర్లేదు.

ఇప్పుడు మీకొక పని. రేపు మధ్యాహ్నం లైటు వేసినాక ముందు కాసేపు ఊరికే చూడండి, బాగున్న ఆకుల మీద సన్నటి బుడగలు పుడ్తాయేమో. ఆ తర్వాత ఒక్కో మొక్కా చూసి రాసుకోండి: పసుపు పడేది కిందున్న ముదురు ఆకులా, పైనున్న లేత ఆకులా? ముదురాకు మొత్తం పసుపయితే నత్రజని చాల్లేదేమో, బొక్కలు పడితే పొటాషియం, లేతాకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము. ఎరువు మాత్రం ఇప్పుడే కొనొద్దు, పాప రాసిన కాగితం చిన్నోడు ఫోటో తీసి పంపించాల, అది చూసినాక ఏది వేయాలో చెప్తా.

మీ తాత