తూకం తరువాత బాస్ చేపలకు ఏమవుతుంది?

అమెరికాలో బాస్ అనే మంచినీటి చేపల గాలం పోటీలకు ఇప్పటి రూపం 1967లో వచ్చింది. ఆ ఏడాది రే స్కాట్ అనే నిర్వాహకుడు అర్కాన్సా రాష్ట్రంలోని బీవర్ లేక్‌పై పెద్ద పోటీ జరిపాడు. ఈ పోటీల్లో సాధారణంగా ఒక్కొక్కరు అయిదు చేపల వరకు పడవలోని నీటితొట్టెలో బతికించి ఉంచి, సాయంత్రం ఒడ్డున తూకం వేయించి, మళ్లీ నీటిలో వదిలేస్తారు. పట్టిన చేపను చంపవద్దన్న ప్రచారాన్ని 1972లో స్కాట్ స్థాపించిన బాస్ పోటీల సంస్థే చేపట్టింది. క్రమంగా తొట్టెలు మెరుగుపడి, తూకం వేళకు చచ్చిపోయే చేపలు బాగా తగ్గాయి. అది మెచ్చుకోదగిన మార్పే. అయితే తూకం దగ్గర ఈదుతూ కనిపించిన ప్రతి చేపా బతికి బయటపడినట్లు కాదు.

వదిలిన చేపలను వలపంజరాల్లో ఉంచి గమనించిన పరిశోధకులకు, వాటిలో కొన్ని తరువాతి రోజుల్లో చనిపోవడం కనిపించింది. నీరు వేడెక్కేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల వద్ద 7.5 మిల్లీగ్రాములే, చేపకు ఆక్సిజన్ మరింత అవసరమయ్యేది సరిగ్గా ఆ వేడిలోనే. లోతు నుంచి పైకి లాగిన చేపకు ఇంకో ఇబ్బంది ఉంది. పీడనం తగ్గి గాలితిత్తి ఉబ్బడం వల్ల అది కిందికి మునగలేక, వెల్లకిలా తేలుతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వసంతకాలపు పోటీలు. బాస్ గుడ్లు పెట్టే కాలం అదే. ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువ నీటిలో, మగ బాస్ తోకతో అడుగును ఊడ్చి పళ్లెంలాంటి గూడు చేస్తుంది. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోయాక, మన కొర్రమీను పిల్లలను కాచుకున్నట్లే, మగచేప ఒంటరిగా కాపలా కాస్తుంది. రెక్కలు ఆడిస్తూ గుడ్లకు తాజా నీరు అందిస్తుంది, దగ్గరికి వచ్చిన ప్రతిదాని మీదికీ దూకుతుంది. గాలాన్ని కరిచేది కూడా ఆ తెగువతోనే. అది తొట్టెలోకి చేరిన కొద్ది నిమిషాల్లోనే బ్లూగిల్ వంటి చేపలు గూటిపై పడి గుడ్లను, పిల్లలను తినడం మొదలుపెడతాయి. వెంటనే అక్కడే వదిలితే మగచేప తిరిగి గూటికి చేరవచ్చు. గంటల తరువాత, కిలోమీటర్ల అవతల వదిలితే ఆ సంతానం దాదాపు పోయినట్లే.

అయినా ఒక గూడు పోవడం, సరస్సులో బాస్ సంఖ్య తగ్గడం ఒకటి కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల పెద్ద జలాశయాల్లో మిగిలిన గూళ్ల పిల్లలతోనే లోటు తీరవచ్చు, ఎందుకంటే ఎన్ని పిల్లలు పెద్దవవుతాయన్నది నీటిమట్టం, నీటిమొక్కలు, మేతపై కూడా ఆధారపడుతుంది. వేసవి చిన్నదైన ఉత్తరాది సరస్సుల్లో ఆ వెసులుబాటు తక్కువ.

సంఖ్యలకు అందని ప్రభావం కూడా ఉంది. ఇల్లినాయ్‌లోని రిడ్జ్ లేక్‌లో, పదేపదే గాలానికి చిక్కిన బాస్‌లను, అసలు చిక్కని వాటిని వేరుచేసి, తరాల పాటు విడివిడిగా పెంచారు. చిక్కే స్వభావం కొంతమేరకు వంశపారంపర్యమని 2009లో ప్రచురించిన ఫలితాలు చూపాయి. సులువుగా చిక్కే వంశపు మగచేపలు గూటిని మరింత శ్రద్ధగా కాస్తాయని తదుపరి పరిశోధనల్లో తేలింది. అంటే గాలం ముందుగా ఏరుకుపోయేది మంచి తండ్రులనే.

2019లో మొదలైన బాస్ ప్రో టూర్ అనే పోటీల వరుసలో చేపను పడవలోనే తూచి, వెంటనే వదిలే పద్ధతి తెచ్చారు. కయాక్ (చిన్న తెడ్డు పడవ) పోటీల్లో చేపను కొలబద్దపై ఉంచి ఫొటో తీస్తే చాలు. గుడ్లు పెట్టే కాలంలోనైనా అన్ని పోటీలకూ ఇలా వెంటనే వదిలే పద్ధతినే తప్పనిసరి చేయాలి. ఒడ్డున తూకాలను నీరు చల్లబడే శరదృతువుకు పరిమితం చేయవచ్చు.