మతిమరుపు మొదలైతే కాళ్లనూ గమనించాలి

ఇంట్లో పెద్దవాళ్లకు డిమెన్షియా (మతిమరుపు జబ్బు) తొలిదశ అని తెలిస్తే మన టెన్షనంతా జ్ఞాపకశక్తి గురించే. మాత్ర వేసుకున్నారా, గ్యాస్ కట్టేశారా, మనవరాలి పేరు గుర్తుందా అని. ఈలోగా అమ్మమ్మ గాజులు వదులై మోచేతి దాకా జారుతుంటాయి. కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఊనితే తప్ప ఆవిడ లేవలేకపోతుంటుంది. అది కంటపడినా "వయసైపోయింది కదా" అని సరిపెట్టుకుంటాం.

వయసు పైబడ్డ అందరూ ఇలా అయిపోరు. 2001లో అమెరికాలో వృద్ధుల వైద్యురాలు లిండా ఫ్రీడ్ బృందం ఈ బలహీనతకు ఐదు గుర్తులు చెప్పింది: కావాలని తగ్గించుకోకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలకు పైగా బరువు పోవడం, చేతి పట్టు సడలడం, నడక మందగించడం, ఊరికే అలసట, తిరగడం తగ్గిపోవడం. వీటిలో మూడు కనిపిస్తే అది ఫ్రెయిల్టీ. అలాంటి మనిషి చిన్న జ్వరానికే మంచం పడితే మళ్లీ లేచి తిరగడం కష్టమవుతుంది.

దీనికి మతిమరుపు తోడైతే పరిస్థితి ఇంకా ముదురుతుంది. నడక కాళ్ల పనే అనుకుంటాం గానీ అడుగు ఎక్కడ వేయాలో, ఎప్పుడు తిరగాలో చూసుకునేది మెదడే. 1997లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం స్వీడన్‌లో ఒక వృద్ధుల వసతి గృహంలో ఉంటున్న 58 మందిని నడుస్తుండగా మాటల్లో పెట్టి చూశారు. జవాబు చెప్పడానికి 12 మంది ఆగిపోయారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది పడిపోయారు! ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేని పరీక్ష ఇది. అందుకే బాత్‌రూమ్‌కు వెళ్తున్న మనిషిని వెనక నుంచి పలకరించకండి, కూర్చున్నాక అడగొచ్చు.

తిండి సంగతి మరోటి. తిన్నదీ తిననిదీ గుర్తుండదు, వాసన తెలియక రుచి పోతుంది, నమలడం బద్ధకం. చివరికి రెండు పూటలా చారన్నం, పెరుగన్నంతో గడిచిపోతుంది. కడుపు నిండుతుంది గానీ కండకు కావాల్సింది అందదు. పెద్దవయసులో కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు నిపుణులు. అంటే 55 కిలోల మనిషికి కనీసం 55 గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరే. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టర్ని అడిగే పెంచాలి.

మరి వ్యాయామం? జ్ఞాపకశక్తి తిరిగొస్తుందని ఆశపెట్టడం నాకు నచ్చదు. బ్రిటన్‌లో డిమెన్షియా ఉన్న 494 మందితో చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో ఒంట్లో సత్తువ పెరిగింది గానీ మతిమరుపు నెమ్మదించలేదు. ఫిన్లాండ్‌లో అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) ఉన్న 210 మందితో చేసిన పరీక్షలో, ఏడాదిపాటు వారానికి రెండుసార్లు ఇంటి దగ్గరే వ్యాయామం చేయించినవాళ్లు తమ పనులు తాము చేసుకునే శక్తిని ఎక్కువగా నిలుపుకున్నారు, తక్కువసార్లు పడ్డారు. 2023లో ప్రచురించిన, ఇంగ్లండ్‌లో తొలిదశ వాళ్లతో చేసిన మరో పెద్ద పరీక్షలో అంతటి ఫలితం కనిపించలేదు. అయినా నేను ఫిన్లాండ్ వైపే మొగ్గుతాను, ఎందుకంటే కూర్చోబెట్టేస్తే కండ కరిగిపోతుందన్నదాంట్లో అనుమానం లేదు. చిక్కుడుకాయలు ఒలవడం, బట్టలు మడతపెట్టడం, పాల ప్యాకెట్‌కి తోడుగా వెళ్లి రావడం అమ్మమ్మకే వదలండి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు బరువు చూసి రాయించండి, కిందటిసారి అంకెతో పోల్చండి. నిద్రమాత్రలు, తల తిప్పే మందులు ఏవైనా తగ్గించొచ్చేమో కూడా అప్పుడే అడగండి.