తాళంచెవికి దక్కిన పేరు

బస్టాండులోనో పెళ్ళిపందిట్లోనో ఎవరైనా ఫిట్స్ వచ్చి పడిపోతే ముందు వినపడే కేక ఒకటే: "తాళాలు! ఎవరి దగ్గరైనా తాళాలున్నాయా?" ఎవరో ఒకరు బైకు తాళాల గుత్తి తీసి, బిగుసుకుపోయిన పిడికిట్లో బలవంతంగా కుక్కుతారు. ఇంకొకరు ఉల్లిపాయ కోసం పరుగెడతారు. ఒకటి రెండు నిమిషాలకు కొట్టుకోవడం ఆగుతుంది. హమ్మయ్య, ఇనుము పనిచేసింది అనుకుంటారు అందరూ.

ఇంతమంది చదువుకున్నా ఈ నమ్మకం ఎందుకు పోవడం లేదంటే, చూసినవాళ్ళ కళ్ళు అబద్ధం చెప్పలేదు కాబట్టి. తాళాలు పెట్టాక ఫిట్స్ ఆగిన మాట నిజమే. పెట్టకపోయినా ఆగేదే, కానీ పెట్టకుండా ఊరుకుంటే ఏమవుతుందో చూసే ఓపిక ఆ క్షణంలో ఎవరికుంటుంది? తన కోడి కూయకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ కథే ఇది.

మరి ఆపుతున్నది ఏమిటి? మెదడే. నాడీకణాలను ఉసిగొల్పే రసాయనం గ్లూటమేట్, నెమ్మదింపజేసేది గాబా. ఈ రెండింటి తూకం తప్పినప్పుడు, వేర్వేరు వేళల్లో పనిచేయాల్సిన కణాలు గుంపులు గుంపులుగా ఒక్కసారే విద్యుత్తును వెదజల్లుతాయి. అది మెదడంతా పాకితే మనిషి స్పృహ తప్పి పడిపోతాడు. ముందు కాసేపు ఒళ్ళంతా కట్టెలా బిగుసుకుంటుంది. ఛాతీ కండరాలు బిగిసి లోపలి గాలిని బయటికి తోసేయడం వల్ల కొందరి నోటి నుంచి ఒక వింత అరుపు వస్తుంది. దయ్యం పట్టిందనడానికి ఈ అరుపు కూడా ఒక కారణం. తర్వాత కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, నోట నురగ.

అంత జోరుగా పనిచేసిన కణాల్లో శక్తి నిల్వలు కరిగి, అడెనోసిన్ అనే పదార్థం పోగవుతుంది. అది కణాలను మందగింపజేస్తుంది. (పొద్దున్నే మనం తాగే కాఫీ నిద్రమత్తు వదిలించేది ఈ అడెనోసిన్‌ను అడ్డుకునే.) చుట్టూ ఆమ్లత్వం పెరగడం, పొటాషియం ద్వారాలు తెరుచుకోవడం కూడా జోరు తగ్గించేవే. ఇవన్నీ కలిసి సాధారణంగా మూడు నిమిషాల లోపే ఫిట్స్‌ను ఆపేస్తాయి. తాళాల గుత్తి వెతికి తెచ్చేసరికి పట్టేదీ సరిగ్గా అంత సమయమే.

కొన్నిసార్లు ఈ బ్రేకులు పడవు. ఫిట్స్ సాగేకొద్దీ కణాల పైపొర మీద గాబాను అందుకునే గ్రాహకాలు లోపలికి జారుకుంటాయి. ఫిట్స్‌ను ఆపడానికి ఇచ్చే మిడజోలామ్, లోరాజిపామ్ లాంటి మందులు పనిచేసేది ఆ గ్రాహకాల మీదే కాబట్టి, ఆలస్యమైనకొద్దీ మందు పట్టు తప్పుతుంది. ఒకప్పుడు 30 నిమిషాలు దాటితేనే ప్రమాదమని రాసిన వైద్యులు ఇప్పుడు 5 నిమిషాలకే అత్యవసర చికిత్స మొదలుపెట్టాలంటున్నది ఇందుకే. అంటే ఆ సమయంలో చేతిలో ఉండాల్సింది తాళంచెవి కాదు, గడియారం. 5 నిమిషాలు దాటినా, స్పృహ రాకుండానే మళ్ళీ మొదలైనా, నీళ్ళలో వచ్చినా, గర్భిణికి వచ్చినా, జీవితంలో మొదటిసారి వచ్చినా 108కి ఫోన్ చేయాలి.

ఈలోపు చేయాల్సింది చాలా తక్కువ. తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, మెడ దగ్గర బిగువు వదులు చేసి, కొట్టుకోవడం తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అలా తిప్పితే నురగా ఉమ్మీ ఊపిరితిత్తుల్లోకి పోకుండా బయటికి కారిపోతాయి. నాలుక మింగేస్తారేమోనని నోట్లో చెంచా పెట్టడం మాత్రం తాళాల కంటే పెద్ద తప్పు. నాలుకను ఎవరూ మింగలేరు. కరుచుకున్న నాలుక కొన్నాళ్ళకు మానుతుంది, చెంచా వల్ల విరిగిన పన్ను తిరిగి రాదు. పూర్తిగా తెలివి వచ్చేదాకా మంచినీళ్ళు కూడా పట్టకూడదు.

ఒక్కసారి ఫిట్స్ వచ్చినంత మాత్రాన మూర్ఛవ్యాధి అనరు. షుగర్ బాగా పడిపోయినా, సోడియం తగ్గినా, రోజూ తాగేవాళ్ళు హఠాత్తుగా మందు మానేసినా రావచ్చు. మన దేశంలో మరో ముఖ్యమైన కారణం బద్దెపురుగు. 1980లలో సీటీ స్కాన్లు వచ్చాక, ఫిట్స్ వచ్చిన చాలామంది మెదడులో 2 సెంటీమీటర్ల లోపు చిన్న ఉంగరం లాంటి మచ్చ కనిపించేది. అది క్షయ గడ్డ అనుకుని నెలల తరబడి టీబీ మందులు వాడించేవారు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ తదితర న్యూరోసర్జన్లు ఆ మచ్చలను తీసి పరీక్ష చేయిస్తే, వాటిలో ఎక్కువ భాగం బద్దెపురుగు పిల్లదశ వల్ల ఏర్పడినవని తేలింది. ఎందరికో అక్కర్లేని టీబీ మందులు తప్పాయి. అంత గొప్ప పని గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా అయినా ఉండాల్సింది.

పురుగు మెదడులోకి ఎలా వెళ్తుందన్న దాని మీద అపోహలెక్కువ. క్యాబేజీలో కనపడే ఆకుపచ్చ పురుగుకూ దీనికీ సంబంధం లేదు. సరిగా ఉడకని పందిమాంసం తిన్నవాళ్ళ పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. వాళ్ళ మలంలో గుడ్లు బయటికొస్తాయి. కడుక్కోని చేతుల ద్వారా, మురుగునీటితో పండిన కూరగాయల ద్వారా ఆ గుడ్లు మరొకరి కడుపులోకి వెళ్తే, వాటిలోంచి వచ్చిన పిల్లలు రక్తంలో మెదడుకు చేరతాయి. కాబట్టి మాంసం ముట్టనివాళ్ళకూ రావచ్చు. ఫిట్స్ ఎక్కువగా వచ్చేది పురుగు బతికున్నప్పుడు కాదు, అది చచ్చేటప్పుడు శరీరం దానిమీద తిరగబడి వాపు వచ్చినప్పుడు.

సరైన మందులు అందితే మూర్ఛ ఉన్నవారిలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దగ్గర మందుకు అడ్డుపడేది చాలాసార్లు పెళ్ళి. హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డంకుల జాబితా నుంచి మూర్ఛను 1999లోనే తీసేశారు. పెళ్ళిచూపుల్లో ఇంకా తీయలేదు. చెప్పకుండా పెళ్ళి చేస్తారు. అత్తారింట్లో మాత్రలు కనపడితే గొడవని అమ్మాయి మానేస్తుంది. పెళ్ళి హడావుడిలో ఎలాగూ నిద్ర ఉండదు. మాత్ర ఉన్నట్టుండి ఆపడం, నిద్ర లేకపోవడం రెండూ ఫిట్స్‌ను రప్పించేవే. మూర్ఛకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ అనే మందు వాడుతున్న ఆడపిల్లలైతే గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి. ఆ మందు కడుపులో బిడ్డకు హాని చేయగలదు, మార్చుకోవడానికి వేరే మందులున్నాయి. దాచిపెడితే ఆ సంభాషణే జరగదు.

కింద పడిపోకుండా వచ్చే ఫిట్స్ కూడా ఉంటాయి. క్లాసులో పిల్ల కొన్ని సెకన్లు చూపు నిలిపేసి, ఏమీ జరగనట్టు మళ్ళీ రాసుకుంటుంది. టీచరు పరధ్యానం అని తిడుతుంది. పెద్దవాళ్ళలో కొందరు పెదాలు చప్పరిస్తూ చొక్కా గుండీలు సవరించుకుంటూ పిలిస్తే పలకరు. వీళ్ళకు ఈఈజీ (మెదడులోని విద్యుత్తును నమోదు చేసే పరీక్ష) తీస్తే మామూలుగానే రావచ్చు, ఫిట్స్ లేని సమయంలో తీసే పరీక్ష కదా. డాక్టరు నిర్ణయం చాలావరకు చూసినవాళ్ళు చెప్పే మాట మీదే ఆధారపడుతుంది. అందుకే ఇంట్లో ఒకరు మనిషిని కనిపెట్టుకుని ఉంటే, ఇంకొకరు ఫోనులో వీడియో తీయడం మంచిది. కళ్ళు, తల ఏ వైపు తిరిగాయి, ఏ చెయ్యి ముందు కదిలింది, ఎంతసేపు సాగింది, తేరుకున్నాక మాట ఎలా ఉంది అన్నవి అందులో పడితే డాక్టరుకు బాగా పనికొస్తాయి.