చప్పుడు లేని కోత

దేవరకొండ

టొరంటోలో ఉన్న మనవడికీ, నల్లగొండలో ఉన్న మనవరాలికీ అమ్మమ్మ ఆశీస్సులు.

కలెక్టరేట్ ముందు ఎండలో ధర్నాకు కూర్చున్న, బడుల్లో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లను చూసి, "వీళ్లంతా ఇక్కడుంటే బడిలో పిల్లలకు అన్నం ఎవరు వండుతారు?" అని చిన్నది అడిగింది. ఆ మాట ఫోనులో విని, "మా బడి కూడా ఒకసారి సమ్మె అని మూసేశారు, ఎందుకో మాకెవరూ చెప్పలేదు" అన్నాడు పెద్దవాడు. ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. బడి ఖర్చులో కోత ఎలా మొదలై సమ్మె దాకా వస్తుందో చెప్పాలంటే కాస్త పొడుగే అవుతుంది. ముప్పై ఏళ్లకు పైగా లెక్కల పాఠాలు చెప్పినదాన్ని, మెట్లు వదిలేసి జవాబు చెప్పడం నాకు చేతకాదు.

కరెంటు కోత పెడితే ఫ్యాను ఆగుతుంది, ఇంట్లో అందరూ ఒకేసారి ఉసూరుమంటారు. చదువు ఖర్చులో కోత పెడితే అలా తెలియదు. ఒక టీచరు రిటైరవుతుంది, ఆ ఖాళీలోకి ఎవరినీ పంపరు. బిల్లు పెడితే నెలల తరబడి రాదు. కరోనా తర్వాత బడులు తెరిచినప్పుడు ఊడ్చే మనిషి కనిపించలేదు. ఆ పని ఇకమీదట పంచాయతీ వాళ్లు చూసుకుంటారన్నారు. పంచాయతీ వాళ్లకు ఊరి మోరీలే తెమల్లేదు, ఇక మరుగుదొడ్లు ఎవరు కడిగారు? అప్పటిదాకా నెలకు 12,000 రూపాయలకు తాత్కాలికంగా పాఠాలు చెప్పిన విద్యా వాలంటీర్లను కూడా మళ్లీ పిలవలేదు. వీటిలో ఏ కాగితంలోనూ కోత అన్న మాట ఉండదు.

ఇది ఎలా పెరుగుతుందో ఒక తండా బడి తీసుకుని చూద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. దాని ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లుండాలి. ఆ పైన ప్రతి 30 మందికి ఒకరు. మన తండా బడిలో నలభై మంది పిల్లలు, అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లు అనుకోండి. ఇద్దరిలో ఒకరు బదిలీ అయ్యారు. మిగిలిన ఒక్కరూ ఒకటో తరగతి వాళ్లకు అక్షరాలు దిద్దిస్తుంటే అయిదో తరగతి వాళ్లు భాగహారం తమంతట తాము చేసుకోవాలి, మూడో తరగతి వాళ్లు కొట్టుకోకుండా ఉండాలి. పైగా ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. బడికి వచ్చాకే తెలుగు, దాని వెనకే ఇంగ్లిషు. నన్నడిగితే అలాంటి బడికి అందరికంటే ఎక్కువ మంది టీచర్లు కావాలి. ఉన్న ఆ ఒక్కరు కూడా శిక్షణ ఉంటే శిక్షణకు, మీటింగు ఉంటే మండలానికి, ఓటర్ల జాబితా ఉంటే ఇల్లిల్లూ తిరగడానికి వెళ్లాలి. 2024 నవంబరులో ఇంటింటి సర్వేకు టీచర్లను పంపి ప్రాథమిక బడులను కొన్నాళ్లు ఒంటిపూట నడిపారు.

తల్లిదండ్రులు ఎన్నాళ్లని చూస్తారు? కూలి డబ్బులు కూడబెట్టి పిల్లవాణ్ణి పసుపు రంగు వ్యానెక్కిస్తారు. వాళ్లను నేను తప్పుపట్టను. ఈ ఏడు పదిమంది పోతారు, వచ్చే ఏడు ఇంకో పదిమంది. అప్పుడు పై ఆఫీసులో లెక్కలు తీసి, ఈ బడిలో పిల్లలే లేరు, రెండో టీచరు దేనికంటారు. ఈ సర్దుబాటుకు రేషనలైజేషన్ అని పేరు. టీచరును ఇవ్వనందుకు పిల్లలు పోయారు, పిల్లలు పోయారని టీచరును ఇవ్వరు. తండాలో ఉన్న తల్లికి తన బడి ఒక్కటే కనిపిస్తుంది, అది తన ఊరి ఖర్మ అనుకుంటుంది. అదే మండలంలో మరో ఇరవై బడుల కథ కూడా ఇదేనని ఆమెకు ఎవరు చెబుతారు?

టీచర్ల, కార్మికుల సంఘానికి మొదటి పని అక్కడ పడుతుంది. ఏ బడిలో ఎన్ని ఖాళీలు, ఎన్నేళ్లుగా, ఎంతమంది పిల్లలు అని మండలాల వారీగా రాస్తారు. అన్నీ ఒక్క కాగితం మీదికి వచ్చాక అది ఖర్మ కాదని తెలుస్తుంది. మన రాష్ట్రంలో 2017లో 8,792 టీచరు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ఆ తర్వాత పెద్ద నియామకం 2024 డీఎస్సీలో, అంటే టీచర్ల నియామక పరీక్షలో, 11,062 పోస్టులకు జరిగింది. ఈ రెండింటి మధ్య ఏడేళ్లలో ఒకటో తరగతిలో చేరిన పిల్ల ప్రాథమిక బడి దాటి వెళ్లిపోయింది. అన్ని వేల పోస్టులు ఎవరికో దయ కలిగి రాలేదు. బీఈడీ, డీఈడీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు రోడ్లెక్కారు, సంఘాలు ఖాళీల జాబితాలు పట్టుకుని తిరిగాయి.

ఇక అన్నం వండే ఆడవాళ్ల సంగతి. బడిలో వేడి అన్నం పెట్టి తీరాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో చెప్పింది. పిల్లలు 25 మంది దాకా ఉంటే ఒక వంటమనిషి, వంద దాకా ఇద్దరు, ఆ పైన వందకు ఒకరు. కేంద్రం 2009లో వీళ్లకు నెలకు వెయ్యి రూపాయలని నిర్ణయించింది, అదీ ఏడాదికి పది నెలలకే. ఇన్నేళ్లలో పప్పు పెరిగింది, నూనె పెరిగింది, ఆ వెయ్యి పెరగలేదు. తెలంగాణలో 2023లో రాష్ట్రం కలిపి దాన్ని 3,000 చేసింది. నెలకు ఇరవై నాలుగు పనిదినాలు వేసి భాగించండి, రోజుకు 125 వస్తుంది. 2024–25లో మన దగ్గర ఉపాధి హామీ రోజు కూలి 300. పొద్దున్నే వచ్చి పొయ్యి రాజేసి, వండి, వడ్డించి, గిన్నెలు తోమి మధ్యాహ్నం దాటాక ఇంటికి వెళ్లే మనిషికి మట్టి తవ్వే కూలిలో సగం కూడా లేదు.

మూడు వేలు తక్కువన్నది ఒక బాధ. అంతకంటే పెద్ద బాధ నేను కిరాణా కొట్టులో చూశాను. బియ్యం ప్రభుత్వమే ఇస్తుంది. 2015 నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు, అది మంచి పని. పప్పు, నూనె, కూరగాయలు, గుడ్లు మాత్రం వంట చేసేవాళ్లే ముందు కొని, తర్వాత బిల్లు పెట్టుకోవాలి. చేతిలో డబ్బు ఎక్కడిది? ఉద్దెర తెస్తారు. కొట్టు వాడి పొడుగాటి పుస్తకంలో ఒక పేజీ మీద "బడి" అని రాసి ఉంది. కింద వరసగా కందిపప్పు, నూనె ప్యాకెట్లు, చింతపండు, ఉప్పు, గుడ్లు. పేజీ నిండితే మొత్తం కూడి తర్వాతి పేజీ నెత్తి మీద "పాత బాకీ" అని ఎక్కిస్తాడు. అలా మూడు పేజీలు తిరగేశాడు, ఒక్క జమ కనిపించలేదు. గుడ్డుకు ప్రభుత్వం కట్టిన ధర ఒకటి, అతను వేసిన ధర మరొకటి, ఆ తేడా కూడా వంట చేసే ఆమె నెత్తినే. ఆ వారం చెవి కమ్మలు కుదువ పెట్టి కొంత కట్టింది. సర్కారు బడి పిల్లలకు అప్పు తెచ్చి అన్నం పెడుతున్నది ఊళ్లో అందరికంటే పేదరాలు!

ఆమె ఒక్కతే మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకు వెళితే బిల్లు పైకి పంపామంటారు. పైకి వెళితే ట్రెజరీలో ఉందంటారు. అదే నలభై బడుల వాళ్లు ఏ నెల, ఎన్ని రూపాయలు అని రాసుకుని సోమవారం ఫిర్యాదులు వినే ప్రజావాణిలో కలెక్టరు ముందు పెడితే, కనీసం ఫైలు ఎక్కడ ఆగిందో చెప్పక తప్పదు. అప్పటికీ రాకపోతే నోటీసిచ్చి రోడ్డు మీద కూర్చుంటారు. చిన్నదానా, నువ్వు కలెక్టరేట్ ముందు చూసింది ఆ చివరి మెట్టు. వీళ్లను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని 2013లో ఢిల్లీలో జరిగిన 45వ భారత కార్మిక మహాసభ సిఫారసు చేసింది. అందులో ప్రభుత్వం వాళ్లున్నారు, యజమానులున్నారు, సంఘాల వాళ్లూ ఉన్నారు. సిఫారసు మాత్రం కాగితం మీదే ఉంది.

నీ ప్రశ్నకు జవాబు చెప్పాలి కదా. సమ్మె రోజున కొన్ని బడుల్లో మహిళా సంఘం వాళ్లు వండుతారు, కొన్నిచోట్ల టీచర్లే గరిటె పట్టుకుంటారు, కొన్నిచోట్ల పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకుంటారు. ఎక్కడో ఒక పిల్లవాడు పస్తుంటాడు, అది దాచడం నాకిష్టం లేదు. సమ్మె ఎవరికో ఒకరికి కష్టం కలిగిస్తుంది. అది తెలిసే వాళ్లు వారాల ముందు నుంచి వినతిపత్రాలు ఇస్తారు. వినతిపత్రాలు ఇచ్చినన్నాళ్లూ ఆఫీసు కిటికీలోంచి ఎవరూ చూడలేదు.

సంఘాల వాళ్లంతా మహానుభావులని నేననను. ఒక్క టీచర్లకే లెక్కలేనన్ని సంఘాలు. పీఆర్సీ (జీతాల సవరణ), బదిలీలు, పదోన్నతులు అంటే హాలు నిండిపోతుంది. వంట కార్మికుల బిల్లులు అనగానే వెనక కుర్చీలు ఖాళీ అవుతాయి. సర్కారు బడిని కాపాడండని మైకులో అరిచి, పిల్లలను మాత్రం పెద్ద ఫీజుల బడికి పంపేవాళ్లను చాలామందిని చూశాను. ఊళ్లో జనం నవ్వారంటే నవ్వరా మరి? అయినా మండలంలో ఖాళీల లెక్క రాసి పెట్టింది సంఘాలే.

ఇంతకీ ఇలా గుంపుగా వెళ్లి అడిగే హక్కు ఎక్కడిది? మా నాన్న పుట్టిన కాలంలో ఇది లేదు. నిజాం ప్రభుత్వం గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వుతో, సభ పెట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలంది. ఆ రోజుల్లోనే 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. దానికి అధ్యక్షత వహించిన సురవరం ప్రతాపరెడ్డి మన పాలమూరు వాడే. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 19వ అధికరణంలో సంఘం పెట్టుకునే హక్కును రాసిపెట్టింది. సమ్మె సంగతి వేరు. ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు లేదని సుప్రీంకోర్టు 2003లో తమిళనాడు కేసులో చెప్పింది. అందుకే టీచర్లు భోజన విరామంలో నల్లబ్యాడ్జీలు పెట్టుకోవడం, ఆదివారాలు ధర్నా చేయడం చూస్తుంటారు. కార్మికుల విషయంలో 29 పాత చట్టాలను కలిపి నాలుగు కోడ్‌లు చేశారు. అవి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు ఏ సంస్థలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మంది ఒకే రోజు సెలవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. 300 మంది లోపు పనిచేసే ఫ్యాక్టరీలో మనుషులను తీసేయడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు. ఇదివరకు ఆ హద్దు 100. వ్యాపారం సులువవుతుందని ప్రభుత్వం అంటుంది. సులువు ఎవరికి అని సంఘాలు అడుగుతాయి. నేను సంఘాల వైపే.

ఇప్పుడు పెద్దవాడి బడి. అది 2022 నవంబరు 4, శుక్రవారం. మీ ఆంటారియోలో బడులు ఊడ్చేవాళ్లు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తోడుండేవాళ్లు, ఆఫీసు గుమాస్తాలు కలిసి 55,000 మంది జీతం పెంచమని అడిగారు. బేరం తేలకముందే ప్రభుత్వం గురువారం ఒక చట్టం చేసింది. మేమిచ్చిందే ఒప్పందం, సమ్మె చేస్తే మనిషికి రోజుకు 4,000 డాలర్ల దాకా జరిమానా అంది. కోర్టులో ఎవరూ అడ్డుపడకుండా, హక్కుల పత్రాన్ని పక్కన పెట్టే రాజ్యాంగ నిబంధనను కూడా వాడింది. వాళ్లు జరిమానాకు భయపడకుండా శుక్రవారం బయటికి వచ్చారు. ఇవాళ వాళ్లకు జరిగింది రేపు మనకూ జరుగుతుందని మిగతా సంఘాలు తోడు నిలిచాయి. సోమవారం ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటివాడు) డగ్ ఫోర్డ్ చట్టాన్ని వెనక్కి తీసుకుంటామన్నాడు. మీ తరగతి గది తుడిచే ఆయన కూడా అందులో ఉండే ఉంటాడు.

అన్నిసార్లూ అంత తొందరగా తేలదు. 2019 అక్టోబరు 5న మన ఆర్టీసీ వాళ్లు సమ్మెకు దిగారు. దాదాపు 48,000 మంది తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నారని ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఏడు దసరా సెలవులు పొడిగించడానికి కారణం అదే. యాభై రోజులు దాటాక, ఆర్టీసీని ప్రభుత్వంలో కలపాలన్న ప్రధాన కోరిక తీరకుండానే సమ్మె ఆగింది. మళ్లీ పనిలోకి తీసుకోవడమే గొప్పయింది. ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వంలో కలిపే బిల్లు శాసనసభలో ఆమోదం పొందింది 2023 ఆగస్టులో. ఓడిపోయారా, గెలిచారా అని నువ్వు అడిగితే ఒక్క మాటలో చెప్పలేను.

రిటైరయ్యాక కూడా నీకెందుకు ఈ ధర్నాలు అని మీ తాతయ్య రోజూ సణుగుతాడు. నా పెన్షన్ నాకు వస్తుంది, పాత పద్ధతిలోదే. 2004 సెప్టెంబరు తర్వాత చేరిన వాళ్లకు అది లేదు. జీతంలో పది శాతం కోసి మార్కెట్‌లో పెడతారు, చివర్లో ఎంత చేతికొస్తుందో ఎవరూ చెప్పలేరు. 2024 నుంచి రిటైరైన మా వాళ్లలో చాలామంది రావలసిన డబ్బు కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నారు. కూతురి పెళ్లి పెట్టుకున్న ఒకాయన నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. వచ్చే ఆదివారం వాళ్లు నల్లగొండలో కూర్చుంటున్నారు, నేనూ వస్తున్నాను. చిన్నదాన్ని ఆ రోజు బస్టాండుకు పంపమని మీ అమ్మకు చెప్పండి. నా సంచిలో జాబితాలు, మంచినీళ్లు, గొడుగు అన్నీ ఉంటాయి, మోయడానికి ఒక చెయ్యి కావాలి.

మీ అమ్మమ్మ