వదులైన తాళం

చిన్నోడికీ బుజ్జికీ,

మొన్న ఫోన్‌లో చిన్నోడు అడిగాడు కదా, "తాతయ్యా, రష్యాలో ఆ ద్మిత్రి చచ్చిపోకుండా ఉంటే ఏమయ్యేది?" అని. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు.

ద్మిత్రి రష్యా రాజు నాలుగో ఇవాన్‌కి ఆఖరి కొడుకు. ఆ ఇవాన్ మహానుభావుడు 1581లో కోపం పట్టలేక పెద్దకొడుకుని కర్రతో కొట్టి పొట్టన పెట్టుకున్నాడు. తర్వాత గద్దెనెక్కిన ఇంకో కొడుకు ఫ్యోదర్‌కి పిల్లలు నిలవలేదు. ద్మిత్రేమో 1591లో ఉగ్లిచ్ అనే ఊళ్ళో, ఎనిమిదేళ్ళకే, మెడ మీద కత్తిగాటుతో పోయాడు. మూర్ఛొచ్చి చేతిలో కత్తే గుచ్చుకుందని విచారణలో తేల్చారు, జనం మాత్రం ఫ్యోదర్ బావమరిది గోదునోవ్ చంపించాడన్నారు. 1598లో రాజైంది ఆ గోదునోవే మరి.

మా నాయనమ్మ భోషాణం తాళంచెవి నేనోసారి చెరువులో పోగొట్టి, రెండు రోజులు నోరు మెదపలేదు. (మీరలా చెయ్యకండి, పోతే పోయిందని చెప్పెయ్యండి.) ఆఖరికి పక్కింటివాళ్ళ చెవేదో పెట్టి తిప్పి తిప్పి తీశారు. తెరుచుకుంది గానీ తాళం వదులైపోయింది, ఆ తర్వాత మేకు పెట్టినా వచ్చేసేది, బెల్లం కోసం మేమే పెట్టేవాళ్ళం.

రష్యా గద్దె కూడా అంతే. 1605లో ఒకడు "నేనే ద్మిత్రిని" అంటూ వచ్చి గద్దెనెక్కాడు, కన్నతల్లే వీడు నా కొడుకంది! ఏడాదిలోపే వాణ్ణి చంపేస్తే, కాదంది. తర్వాత ఇంకో ద్మిత్రి, మరో ద్మిత్రి, ఈలోగా పోలండు సైన్యం మాస్కోలో తిష్ఠ వేసింది. 1613లో పదహారేళ్ళ మిహాయిల్ రోమనోవ్‌ని ఎన్నుకుని కొత్త తాళం వేసుకున్నారు.

ద్మిత్రి బతికుంటే 1598కి పదిహేనేళ్ళు. తల్లి పెళ్ళి చర్చి లెక్కలో చెల్లదన్న పేచీ ఎలాగూ ఉండేది. 1601 నుంచి మూడేళ్ళు పట్టిన కరువు ఎవడు రాజైనా వచ్చేదే. కాకపోతే ఆకలితో ఉన్నవాళ్ళకి "అసలు రాజు వేరే ఉన్నాడు" అనుకోవడానికి ఆ పేరు దొరికేది కాదు, నాకు తోచింది అంతవరకే. రోమనోవ్‌లు లేకపోతే ఆ వంశంలో పుట్టిన పీటర్ చక్రవర్తి లేడు, ఆయన కట్టిన పీటర్స్‌బర్గ్ లేదు... ఇంకా తీగ లాగితే నాకే బుర్ర తిరుగుతోంది.

నన్ను పడుకోనివ్వనిది వేరే. పిల్లాడు పోయిన రోజు ఉగ్లిచ్‌లో గంట కొట్టి జనాన్ని పిలిచారు, జనమొచ్చి అనుమానమున్నవాళ్ళని చంపేశారు. శిక్ష గంటకీ పడింది! కిందకి తోసి, నాలుక పీకి, పైన వేలాడదీసే చెవి కోసి, సైబీరియాలోని తోబోల్స్క్‌కి పంపేశారు. మళ్ళీ ఊరు చేరింది 1892లో.

మనమూ దాన్ని గంట నాలుకనే అంటాం. ఈసారి గుడికెళ్తే కొట్టేసి పరిగెత్తకుండా, కాసేపు కింద నిలబడి తల పైకెత్తి ఆ నాలుకని చూడండి.

మీ తాతయ్య