ఒక బాక్సు, ఇరవై గదులు: టీవీ కనెక్షన్ పంచుకోవడంపై అపోహలు - వాస్తవాలు

తిరుపతి కోర్టుల్లో లాయర్‌గా ప్రాక్టీస్ చేస్తున్న నా దగ్గరికి లాడ్జి వాళ్ళు మామూలుగా లీజు గొడవలతోనో, లైసెన్సు పనుల మీదనో వస్తారు. టీవీ ఛానెల్ కంపెనీ నుంచి నోటీసు అందుకుని వచ్చేవాళ్ళూ ఉంటారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. "నెలనెలా రీచార్జ్ చేస్తానే ఉండాం గదా సార్, ఇంకేం కావాల?" అని నిజంగానే అడుగుతారు. వాళ్ళు ఏ నమ్మకంతో ఆ పని చేశారో, చట్టం ఏమంటుందో తెలిస్తే చాలామందికి ఈ తలనొప్పి ఉండదు కాబట్టి రాస్తున్నాను.

అపోహ: డబ్బు కట్టి తీసుకున్న కనెక్షన్, ఎన్ని గదులకైనా ఇచ్చుకోవచ్చు.

వాస్తవం: మన ఊళ్ళో ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే, అందుకే దీని మీద కొంచెం ఎక్కువ చెబుతాను. రీచార్జ్ చేసినప్పుడు మీరు కొంటున్నది ఒక ఇంట్లో కూర్చుని చూసే హక్కు మాత్రమే. బస్టాండు చుట్టుపక్కల, గోవిందరాజస్వామి గుడి వీధుల్లో కొన్ని లాడ్జిల్లో ఏం చేస్తారంటే, ఇళ్ళకిచ్చే సెట్‌టాప్ బాక్సులు పదో ఇరవయ్యో తలా ఒక పేరు మీద తీసుకుని, ఒక్కో బాక్సును ఒక్కో ఛానెల్‌లో పెట్టి, వాటిని మాడ్యులేటర్లకు (బొమ్మను వైరు మీద పంపేలా మార్చే పరికరాలకు) కలిపి, అక్కడినుంచి ఒకే వైరు మీద అన్ని గదులకూ పంపిస్తారు. పెట్టిచ్చిన కుర్రాడు "అందరూ ఇట్లనే చేస్తారన్నా" అని చెప్పి డబ్బు తీసుకుని పోతాడు.

1957 నాటి కాపీరైట్ చట్టంలో సెక్షన్ 2(ఎఫ్ఎఫ్) కింద ఒక వివరణ ఉంది. శాటిలైట్ ద్వారా గానీ కేబుల్ ద్వారా గానీ ఒకటి కంటే ఎక్కువ ఇళ్ళకో నివాసాలకో ఏకకాలంలో ప్రసారం అందిస్తే అది ప్రజలకు ప్రసారం చేసినట్టే అని, హోటల్ గదులు, హాస్టల్ గదులు కూడా అందులోకే వస్తాయని స్పష్టంగా రాశారు. గదిలో ఒక్క కుటుంబమే ఉంది, తలుపు వేసుకుని చూస్తున్నారు అన్న వాదన ఈ మాటల ముందు నిలబడటం కష్టం. పైగా టికెట్టు పెట్టకపోయినా గది అద్దెలోనే టీవీ డబ్బు కలిసి ఉంది కదా అని అవతలి లాయర్ వాదిస్తాడు. ప్రసారకర్త హక్కుల గురించి చెప్పే సెక్షన్ 37, రుసుము తీసుకుని జనానికి చూపించడాన్ని విడిగా నిషేధించింది.

టెలికాం, టీవీ సేవలను నియంత్రించే సంస్థ ట్రాయ్ నిబంధనల్లో వాణిజ్య చందాదారు అని ఒక వర్గమే ఉంది. తన దగ్గరికి వచ్చే కస్టమర్ల కోసం టీవీ వాడేవాళ్ళు అందులోకి వస్తారు. లాడ్జి పేరు, గదుల సంఖ్య, చిరునామా చెప్పి ఆ కనెక్షన్ అడిగి తీసుకోండి. ఖర్చు ఎక్కువ అనిపిస్తే ఉచిత ఛానెళ్ళ ప్యాక్ మాత్రమే తీసుకోండి. తెల్లారుజామున మూడింటికి లేచి కొండకు బయలుదేరే భక్తుడికి గదిలో స్పోర్ట్స్ ప్యాక్ అంత అవసరమా అన్నది మీరే ఆలోచించుకోవాలి.

అపోహ: గదుల్లో ఏం నడుస్తుందో ఎవరికి తెలుస్తుంది?

వాస్తవం: మ్యాచ్ మధ్యలో తెర మీద ఏదో ఒక మూల పొడుగాటి నంబరు కనబడి మాయమవుతుంది, చూసే ఉంటారు. అది ఆ బాక్సు లేదా కార్డు గుర్తు, దాన్ని ఫింగర్‌ప్రింట్ అంటారు. కంపెనీ మనిషి మామూలు యాత్రికుడిలా గది తీసుకుని, టీవీ పెట్టి, ఆ నంబరు ఫోటో తీసుకుంటే చాలు. ఆ బాక్సు ఎవరి పేరు మీద ఉంది, ఏ ఇంటి అడ్రసుకు ఇచ్చారు అన్నది వాళ్ళ రికార్డుల్లో దొరుకుతుంది. కొర్లగుంటలో ఇంటికని ఇచ్చిన బాక్సు అలిపిరి రోడ్డు లాడ్జిలో ఎందుకుంది అన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

అపోహ: జన్ విశ్వాస్ చట్టం వచ్చాక కేబుల్ కేసుల్లో జైలు తీసేశారు, ఇక జరిమానాతో పోతుంది.

వాస్తవం: ఇందులో సగమే నిజం. 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టంలోని జైలు శిక్షను 2023లో, చిన్న నేరాలకు జైలు తీసేయడానికి తెచ్చిన జన్ విశ్వాస్ చట్టం తీసేసిన మాట వాస్తవమే. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 జోలికి మాత్రం అది పోలేదు. తెలిసి ఉల్లంఘించినా, ఉల్లంఘనకు సాయపడినా ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఈ సెక్షన్‌లో అలాగే ఉన్నాయి. వ్యాపార లాభం కోసం చేసింది కాకపోతే కనీస శిక్ష తగ్గించే వెసులుబాటు కోర్టుకు ఉంది గానీ లాడ్జికి ఆ మాట చెప్పుకోవడం కష్టం. ఈ నేరం కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ అని 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టొచ్చు, అరెస్టయితే స్టేషన్లో బెయిలు మీ హక్కు కాదు, కోర్టులో అడగాలి. శిక్ష ఏడేళ్ళ లోపుది కాబట్టి చాలావరకు ముందు హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. ఆ నోటీసుకు పోకుండా తప్పించుకు తిరిగితేనే పని చెడుతుంది.

ఎస్ఐ ఆ పై స్థాయి అధికారి వారెంటు లేకుండానే సరంజామా స్వాధీనం చేసుకోవచ్చు. అలా తీసుకుపోయిన వాటిలో మీకు హక్కున్నవి ఉంటే, తిరిగి ఇప్పించమని 15 రోజుల లోపు మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చని సెక్షన్ 64 చెబుతుంది. బ్రహ్మోత్సవాల రద్దీలో పడి ఆ గడువు మర్చిపోకండి.

అపోహ: లాడ్జి లీజుకిచ్చేశాను, నాకు సంబంధం లేదు.

వాస్తవం: ఉల్లంఘన జరిగే ప్రసారానికి లాభం కోసం తన చోటు వాడుకోనిచ్చినవాడు కూడా బాధ్యుడే అని సెక్షన్ 51 అంటుంది. నాకు తెలియదు, తెలుసుకునే కారణమూ లేదు అని నిరూపించుకోగలిగితే బయటపడొచ్చు. నోటీసు మీ పేరుకే వచ్చి, మీరు దాన్ని సొరుగులో పడేసి ఉంటే ఇక ఆ మాట నమ్మేదెవరు? భాగస్వామ్య సంస్థ అయితే ఆ సమయంలో వ్యవహారాలు చూస్తున్న ప్రతి ఒక్కరూ కేసులోకి వస్తారు. ఇక్కడ నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. వైర్లు లాగే ఆలోచన ఓనరుదో లీజుదారుదో అయి ఉంటుంది, సోదాకు వచ్చినప్పుడు కౌంటర్ దగ్గర ఉండేది మాత్రం నెల జీతానికి పనిచేసే మేనేజరు, వాంగ్మూలం అతనిదే తీసుకుంటారు, సంతకం అతనిదే పడుతుంది. దయచేసి వాళ్ళను అలా ముందుకు తోయకండి.

అపోహ: మేడ మీద డిష్ పెట్టి పక్క నాలుగిళ్ళకు వైరు ఇస్తే అది సాయమే.

వాస్తవం: తలా వంద తీసుకుంటే అది రిజిస్ట్రేషన్ లేని కేబుల్ వ్యాపారం. డబ్బు తీసుకోకపోయినా నాలుగు వేరు వేరు ఇళ్ళు కాబట్టి పైన చెప్పిన వివరణ వర్తిస్తుంది. మీ సొంతింట్లో రెండో టీవీ సంగతి వేరు, దానికి ఎవరూ జైల్లో పెట్టరు, రెండో బాక్సు ధర ఎంతో మీ ఆపరేటర్‌ను అడిగి తీసుకోండి. నెలనెలా కట్టలేని ఇంటికి దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ఉంది, ఒకసారి డిష్, బాక్సు కొనుక్కుంటే నెల చందా అంటూ ఉండదు.

అపోహ: ఓటీటీ పాస్‌వర్డ్ ఇస్తే నేరం.

వాస్తవం: ఇందులో అనవసర భయం ఎక్కువ. మీ పాస్‌వర్డ్ మీరే తమ్ముడికి ఇస్తే అది ప్రధానంగా కంపెనీతో ఒప్పందం మీరడం, ఖాతా ఆపేస్తారు. నెట్‌ఫ్లిక్స్ 2023 జులై నుంచి మన దేశంలోనూ ఒక ఇంటి వాళ్ళకే ఒక ఖాతా అంటోంది. వేరేవాళ్ళ పాస్‌వర్డ్ మోసపూరితంగా వాడితే మాత్రం ఐటీ చట్టం సెక్షన్ 66సి ఉంది, మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. యూనివర్సిటీ చుట్టూ ఉన్న పీజీ హాస్టళ్ళ వాళ్ళు ఒక ఖాతా తీసుకుని పిల్లలందరికీ "ఫ్రీ ఓటీటీ" అని బోర్డు పెట్టడం తమ్ముడికి ఇచ్చినట్టు కాదు, అది వ్యాపారం. వాట్సాప్‌లో స్క్రీన్లు విడివిడిగా అమ్మేవాళ్ళదీ అదే సంగతి.

అపోహ: ఏడాదికి వెయ్యి కడితే అన్ని ఛానెళ్ళూ వచ్చే యాప్ కొన్నాను, డబ్బు కట్టాను కదా, దొంగతనం ఎట్లవుతుంది?

వాస్తవం: మీరు కట్టింది దొంగకు. ఎక్కడో ఒక అసలు కనెక్షన్ నుంచి సిగ్నల్ తీసి ఇంటర్నెట్‌లో పంచుతుంటారు. చట్టం ముందుగా గురిపెట్టేది పంచేవాళ్ళ మీద, అమ్మేవాళ్ళ మీద. ప్రసారానికి వేసిన డిజిటల్ రక్షణ తాళాన్ని తప్పించిన వాళ్ళకు కాపీరైట్ చట్టం సెక్షన్ 65ఎ కింద రెండేళ్ళ దాకా శిక్ష. చిత్తూరులో, పలమనేరులో సెల్ షాపుల్లో కమిషన్‌కు ఇవి అంటగట్టే పిల్లలకు ఇది తెలియదు. ఫోన్‌పేలో తీసుకున్న ప్రతి రూపాయీ వాళ్ళ మీద సాక్ష్యమే. కొన్నవాళ్ళకు ఇంకో టెన్షన్ ఉంది. ప్లే స్టోర్‌లో లేని ఆ యాప్ మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది, ఇస్తే ఓటీపీలు కూడా దాని చేతికి పోయినట్టే. ఖాతాలో డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అపోహ: కంపెనీ మనుషులమని వచ్చి కేసు పెడతామంటే అక్కడికక్కడే డబ్బిచ్చి పంపేయడం మేలు.

వాస్తవం: వద్దు. నిజమైన ప్రతినిధి దగ్గర ఆ కంపెనీ ఇచ్చిన అధికార పత్రం ఉంటుంది, చూపించమనండి, ఫోటో తీసుకోండి. స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులది, కంపెనీ వాళ్ళు ఒంటరిగా వచ్చి మీ బాక్సులు ఎత్తుకుపోలేరు. నిజంగా బాకీ తేల్చుకోవాలంటే రాతపూర్వక ఒప్పందం మీద, కంపెనీ బ్యాంకు ఖాతాకే, జీఎస్టీ రసీదుతో కట్టండి. మీది వాణిజ్య కనెక్షనే అయితే దరఖాస్తు కాపీ, నెలవారీ బిల్లులు ఒక ఫైల్లో పెట్టి రిసెప్షన్‌లోనే ఉంచండి, రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడికి కూడా ఆ ఫైలు ఎక్కడుందో చెప్పి పెట్టండి.